పాత చీర చవకే, ఉతికేదెవరు?

మా అమ్మాయి పురిటికి వచ్చిన రోజుల్లో మా ఇంట్లో జరిగిన పెద్ద వాదన పిల్లకి పెట్టే పేరు గురించి కాదు, బారసాల ముహూర్తం గురించీ కాదు. డైపర్ల గురించి.

ఆసుపత్రి నుంచి రాజమండ్రిలో మా ఫ్లాటుకి వచ్చేసరికే అమలాపురం దగ్గర మా ఊరి నుంచి మా అమ్మ ఓ మూటతో దిగిపోయింది. విప్పితే నాలుగు పాత నూలు చీరలు, నాన్నగారి పంచెలు రెండు. అన్నీ ఉతికి ఉతికి దూదిలా అయిపోయాయి. "బజారు డైపర్లు వెయ్యకండే, పసిదాని ఒళ్ళు ఒరిసిపోద్ది. మా రోజుల్లో దీనికి కానీ ఖర్చు పెట్టామా?" అంది.

మా అమ్మాయికీ గుడ్డలే ఇష్టం. దాని కారణం వేరు, డబ్బు. కాగితం మీద లెక్క వేసింది. రోజుకి ఆరు డైపర్లు, ఒక్కోటి పది రూపాయలనుకున్నా నెలకి 1800. రెండేళ్ళకి 43,200. పిల్ల పెరిగేకొద్దీ సంఖ్య తగ్గినా సైజు పెరిగి ధర పెరుగుతుంది కాబట్టి ఆ లెక్క పెద్దగా మారదు. పోనీ కంపెనీలు అమ్మే గుడ్డ డైపర్లు కొందామా అంటే ఒక్కోటి మూడొందల పైమాటే. ఇరవై కావాలంటే ముందే ఆరువేలు తియ్యాలి. "అమ్మమ్మ చీరలతోనే మొదలెడదాం" అని తేల్చేసింది.

మొదలెట్టాం. ఎవరికైనా పనికొస్తుందని ఎలా చేశామో చెబుతాను. అయిదున్నర మీటర్ల చీరని నిలువుగా సగానికి చింపి, అరవై సెంటీమీటర్లకి ఒకటిగా కత్తిరిస్తే పద్దెనిమిది ముక్కలు వస్తాయి. పాత చీర పల్చన కాబట్టి రెండేసి కలిపి అంచులు కుట్టాను. అంటే చీరకి తొమ్మిది. మూడు చీరలకి ఇరవై ఏడు. జరీ అంచులు ముందే కోసెయ్యాలి. పాలియెస్టర్ కలిసిన చీరలు పనికిరావు, తడి పీల్చవు. పంచెలు చింపి మధ్యలో మందంగా పెట్టే మడతలు చేశాను. బయటికి వెళ్ళేటప్పుడు వెయ్యడానికి నీళ్ళు కారని డైపర్ కవర్లు మూడు మాత్రం కొన్నాం. పక్క మీదకి రబ్బరు షీటు ఎలాగూ ఉంది. పాత చీరలు లేనివాళ్ళు తాడితోట బట్టల మార్కెట్లో మల్లు గుడ్డ తీసుకోవచ్చు, చాలా చవక.

గుడ్డతో ఇంకో లాభం ఉంది. తడిస్తే వెంటనే తెలుస్తుంది. మొదటి వారం దాటాక రోజుకి కనీసం ఆరుసార్లు తడిపితే బిడ్డకి పాలు సరిపోతున్నట్టే అని డాక్టర్లు చెబుతారు. గుడ్డలు లెక్కపెడితే చాలు, పాలు చాలడం లేదేమోనని మా అమ్మాయి పడే బెంగ సగం తీరిపోయింది.

ఇక్కడిదాకా అంతా బాగానే ఉంది. అసలు కథ బకెట్ దగ్గర మొదలైంది.

పసిపిల్ల రోజుకి ఆరుసార్లు తడిపితే ఏ బాధా లేదు. మా మనవరాలు పదిహేను, ఇరవై గుడ్డలు తడిపేది. అమ్మాయికి ఆపరేషన్, కుట్లు ఆరలేదు, వంగకూడదు. మా అమ్మకి ఎనభై దాటాయి. మావారికి బాత్‌రూంలో ఆ బకెట్ ఎక్కడుంటుందో కూడా తెలియదు. మిగిలింది నేను. ముందు మలం టాయిలెట్‌లో దులపాలి. తర్వాత చన్నీళ్ళలో జాడించాలి, ముందే వేడినీళ్ళు పోస్తే మరక పట్టేస్తుంది. తర్వాత సబ్బు, ఆ తర్వాత సబ్బు వాసన పోయేదాకా రెండు నీళ్ళు. వాసన కోసం కండిషనర్ పొయ్యకూడదు, అది బట్టకి పొరలా పట్టి తడి పీల్చనివ్వదు. పిండి, ఎండలో ఆరేసి, మడతపెట్టాలి. ఈలోగా ఇంకో అయిదు తయారు. పన్నెండో రోజుకి నా కుడి మణికట్టు వాచింది. చెంచా పట్టుకోలేకపోయాను.

అప్పుడు నేనొక పని చేశాను. చెప్పడానికి సిగ్గుగానే ఉంది. అంట్లు తోమి ఇల్లు తుడిచే మా పనావిడతో, "ఆ బకెట్ కూడా కాస్త చూడవే" అన్నాను. జీతం మాట ఎత్తలేదు. ఆవిడ నన్ను తప్పుపట్టలేదు. నవ్వి, "మా మనవడికి మేం డైపరేలే వేస్తామండి అమ్మగారూ. కొట్లో ఒక్కోటి చొప్పున కొంటాం. ఉతకడానికి మాకు టయిమేదండీ? ఆరేసుకోడానికి చోటేదండీ?" అంది.

రోజూ మూడిళ్ళలో పనిచేసే ఆవిడ, డబ్బుకి మాకంటే ఎంతో ఇబ్బందిపడే ఆవిడ, డైపర్ విడిగా కొంటోంది. పొదుపు చేస్తున్నామని మురిసిపోతున్న మేము ఆ పొదుపుని ఆవిడ వీపు మీద పెట్టబోయాం. గుడ్డలతో గడవాలంటే ఇంట్లో ఒక మనిషి ఖాళీగా ఉండాలి, నీళ్ళు ఉండాలి, ఎండ తగిలే దండెం ఉండాలి. లేనివాళ్ళకి గుడ్డే ఖరీదైనది.

ఆ రాత్రి మా అమ్మని అడిగాను, "నేను పుట్టినప్పుడు నా గుడ్డలు ఎవరు ఉతికారు?" అని. "చాకలావిడ తీసుకెళ్ళేది" అంది, అదేం ప్రశ్న అన్నట్టు. నాకూ గుర్తుంది ఆవిడ. పొద్దున్నే మైల బట్టలు మూటగట్టుకుని కాలవ రేవుకి వెళ్ళేది. ఏడాదికి ఇన్ని కుంచాలని ధాన్యం కొలిచేవాళ్ళు. నాకు ఎనిమిదేళ్ళు, ఆవిడకి యాభై. నేను ఆవిడని పేరు పెట్టి పిలిచేదాన్ని, ఆవిడ నన్ను "అమ్మాయిగోరూ" అనేది. మా రోజుల్లో ఖర్చే లేదని అమ్మ అన్నమాట అబద్ధం కాదు. ఆ ఖర్చు ఆవిడ పెట్టింది.

అందుకని గుడ్డలు మానేద్దామా అంటే, నేను ఆ మాట అనను. మా ఊరు వెళ్ళేటప్పుడు కాలవగట్టు పక్కన చూస్తుంటాను. ఊరి చెత్తలో వాడేసిన డైపర్లు నీళ్ళు తాగి దిండ్లలా ఉబ్బి ఉంటాయి. కొన్ని కాలవలోకి దొర్లిపోతాయి. వేసవిలో కాలవలు కట్టేసే ముందు ఆ నీళ్ళతోనే మంచినీళ్ళ చెరువులు నింపుకుంటాం. పైన ప్లాస్టిక్ పొర, లోపల నీరు పీల్చే పొడి, అవి మట్టిలో కలిసేవి కావు. డైపర్లని విడిగా గట్టిగా చుట్టి పొడి చెత్తలో వెయ్యాలని 2016 నాటి చెత్త నిర్వహణ నిబంధనలు చెప్పాయి. పాటించేవాళ్ళు మా వీధిలో నాకు కనిపించలేదు.

బ్రిటన్ ప్రభుత్వం 2008లో రెండు రకాలనీ లెక్కకట్టి చూస్తే, వాతావరణానికి చేసే నష్టంలో మామూలుగా పెద్ద తేడా రాలేదు. కానీ మిషన్ నిండా వేసి ఉతికి, బయట గాలికి ఆరేసి, అవే రెండో బిడ్డకీ వాడితే గుడ్డల వల్ల నష్టం నలభై శాతం దాకా తగ్గింది. మిషన్లో ఆరబెడితే కరెంటు కాల్చాలి. మనకి ఆ ఎండ ఉచితంగా వస్తోంది. ఉతికే చేతులు మాత్రం ఉచితం కాకూడదు.

శనివారం అల్లుడుగారు హైదరాబాదు నుంచి వచ్చారు. గోదావరి జిల్లాల్లో అల్లుడంటే ఎలాగో మీకు తెలుసు, పీట వేసి ఇన్ని రకాలు వడ్డిస్తే తప్ప మనకి తోచదు. వాచిన నా చెయ్యి చూసి విషయం కనుక్కున్నారు. "అత్తయ్యగారూ, బకెట్ ఎక్కడుంది?" అన్నారు. మా అమ్మకి గుండె ఆగినంత పనైంది. "అల్లుడి చేత పురిటి గుడ్డలు ఉతికిస్తావంటే? నలుగురూ వింటే ఏమనుకుంటారు?" అని నా మీద పడింది. ఆయన మాత్రం, "నా కూతురి గుడ్డలే కదండీ అమ్మమ్మగారూ" అని లుంగీ ఎగ్గట్టారు. మొదటిసారి దులపడం రాక నానా పాట్లు పడ్డారు, అది వేరే సంగతి.

ఆదివారం అందరం కూర్చుని పద్ధతి మార్చాం. పగలు గుడ్డలు, రాత్రికి ఒక్క డైపర్. జాడించడం అల్లుడుగారున్న రోజుల్లో ఆయన, లేనప్పుడు మావారు. అవును, మావారే. సబ్బుపెట్టి ఉతకడం వాషింగ్ మిషన్. ఆరెయ్యడం, మడతలు నావి. పనావిడ ఆ బకెట్ జోలికి రాదు. వస్తే దానికి వేరే జీతం, అదీ తనకి ఇష్టమైతేనే. రాత్రికి ఒకటి అంటే నెలకి మూడొందలు. ముసురు పట్టి ఎండ లేని రోజుల్లో మూడు, నాలుగు డైపర్లు ఎక్కువ వాడతాం, దానికి ఎవరూ బాధపడక్కర్లేదు.

గుడ్డలు మొదలెట్టాలనుకునే ఆడపిల్లలకి నేను చెప్పేది ఒకటే. ఎన్ని కొనాలి, ఏ కంపెనీవి అని చూసేముందు, జాడించేది ఎవరో ఇంట్లో అడగండి. సమాధానం "నువ్వే" అయితే, అందులోనూ బాలింతగా ఉన్నప్పుడు అయితే, హాయిగా డైపర్లు కొనుక్కోండి. ఆ వాడేసినవి మాత్రం చుట్టి చెత్తబండికి ఇవ్వండి, కాలవగట్టుకి కాదు.

బారసాల రోజు మనవరాలికి మొలతాడు కట్టారు. పాతకాలం పద్ధతిలో గోచీ దానికి దోపడం మా అమ్మే అల్లుడుగారికి నేర్పించింది. బకెట్ గురించి మాత్రం ఇప్పటికీ బయట ఎవరికీ చెప్పొద్దంటుంది. నేనేమో ఇలా రాసేస్తున్నాను.