పసుపెక్కిన తెల్లబూట్లు

శుక్రవారం రాత్రి అన్నాల దగ్గర "అమ్మా, రేపు తెల్లబూట్లు!" అని గుర్తు చేయని పిల్లలుంటే చెప్పండి! మా చిన్నదీ అంతే. దానికి వచ్చేవి వాళ్లక్కకు బిగుతైపోయిన కాన్వాస్ బూట్లు. గుడ్డ గట్టిగానే ఉంది, అడుగూ అరగలేదు. రంగు మాత్రం పాత పుస్తకం కాగితంలా అయిపోయింది. "అందరివీ తెల్లగా ఉంటాయి, నావే పచ్చగా... డ్రిల్లులో వెనక నుంచోమంటారు" అని కళ్లనీళ్లు పెట్టుకుంది. ఎదిగే కాళ్లకు ఏడాదికో జత కొనడమే గగనం. బాగున్న జతను రంగు కోసం పారేయడానికి మనసెలా ఒప్పుతుంది?

ముందు నేను చేసిన తెలివితక్కువ పని చెబుతాను. అంతకుముందు ఇంకో జతను బ్లీచింగ్ పౌడర్ నీళ్లలో రాత్రంతా నానేశాను. పొద్దున తీస్తే మల్లెపువ్వే! ఆరాక చూద్దును కదా, అతుకుల వెంట మునుపటికన్నా ఎక్కువ పసుపు, పైగా ముందున్న రబ్బరు పట్టీ ఊడి చేతికొచ్చింది. క్లోరిన్‌కి రబ్బరన్నా, జిగురన్నా, లోపలి స్పాంజి అన్నా పడదు. ఇంకో సంగతి, బ్లీచింగ్ నీళ్లలో నిమ్మరసం గానీ, వెనిగర్ గానీ, బాత్‌రూమ్ కడిగే యాసిడ్ గానీ పొరపాటున కూడా కలపకండి. విషవాయువు వస్తుంది.

అసలు పసుపెందుకు వస్తుందో తెలిస్తే సగం పనైనట్టే. చాలావరకు అది మనం వదిలేసిన సబ్బే! తడి బూటు ఆరేటప్పుడు లోపలి నీళ్లు పైకి పాకుతూ సబ్బునీ మురికినీ వెంట తెచ్చి అంచుల్లో వదిలేస్తాయి. అందుకే నడిమధ్యన తెల్లగా, కుట్ల దగ్గర పచ్చగా ఉంటుంది. రెండోది బోరు నీళ్లు. తోడినప్పుడు తేటగా ఉండి, బకెట్లో నిలవ ఉన్నాక పచ్చబడితే అందులో ఇనుము ఉందన్నమాట. ఆ మరకకు ముందుగా నిమ్మచెక్క మీద ఉప్పు వేసి రుద్ది కడిగేయాలి.

ఇక పని మొదలెడదాం. తాళ్లు, లోపలి అట్టలు తీసేసి, పొడిగా ఉన్నప్పుడే బ్రష్షుతో దుమ్ము దులపండి. తడిపాక దులిపితే బురదే. మామూలు సబ్బు పొడితో ఒకసారి ఉతికి బాగా జాడించండి. తర్వాత 2 చెంచాల వంటసోడాలో (చాకలి సోడా కాదు సుమా) మందుల షాపులో గాయాలు కడగడానికి అమ్మే హైడ్రోజన్ పెరాక్సైడ్ కొద్దికొద్దిగా పోస్తూ దోసెపిండిలా కలపండి. అది 3 శాతానిదైతే అలాగే వాడొచ్చు, 6 శాతానిదైతే సమంగా నీళ్లు కలపాలి. చేతికి తొడుగు వేసుకోండి. పాత టూత్‌బ్రష్షుతో గుడ్డంతా పట్టించి అరగంట నీడన ఉంచండి. మిగిలిన ముద్దను సీసాలో పోసి మూత బిగించారా, గ్యాసుకి సీసా పగలొచ్చు. పారబోయడమే మేలు. రంగు గీతలున్న బూట్లయితే ఓ మూల కొంచెం రాసి చూసుకోండి. తోలు బూట్లకు మాత్రం ఈ పద్ధతి వద్దు.

రబ్బరు అంచుకు తెల్లని టూత్‌పేస్టు చాలు, జెల్ పనికిరాదు.

అసలు కష్టం జాడించడంలోనే ఉంది. నురుగు పోయిందని ఆగకండి, ఇంకో రెండు బకెట్లు. చివరి సారి తేట నీళ్లలో ఒక చెంచా వెనిగర్ వేస్తే మిగిలిన సోడా విరిగిపోతుంది. నీళ్లు పిండేశాక, పాత తెల్ల పంచె ముక్కను తడిపి గట్టిగా పిండి బూటు చుట్టూ అంటిపెట్టినట్టు చుట్టేయండి. పైకి పాకిన పసుపు బూటు మీద కాకుండా ఆ గుడ్డ మీద తేలుతుంది! విప్పి చూస్తే మీకే ఆశ్చర్యం వేస్తుంది. లోపల న్యూస్‌పేపరు కుక్కకండి, ఇంకు అంటుతుంది. ఎండలో పెడితే రబ్బరు మళ్లీ పచ్చబడుతుంది కాబట్టి ఫ్యాను కిందే ఆరాలి. వానాకాలం రోజున్నర పట్టొచ్చు, అందుకే నేను గురువారం పొద్దున్నే పెట్టుకుంటాను.

కాలం గడిచి పచ్చబడిన రబ్బరు మాత్రం పూర్తిగా తెల్లబడదు. మా చిన్నదాని బూట్లకూ ముందు పట్టీ మీగడ రంగులోనే మిగిలింది. దాని మీద మాత్రం కాస్త తెల్ల పాలిష్ పూశాను. శనివారం సాయంత్రం ఇంటికొస్తూనే, "అమ్మా, ఈ బూట్లు కొత్తవా అని అడిగారే!" అంది.