బొమ్మ మనది, ధర ఎవరిది?

ఆ మధ్య హైదరాబాద్‌లో ఒక చిత్ర ప్రదర్శనకు పోయాం. గోడకు పన్నెండు బొమ్మలు. అన్నీ మన ఊళ్లే, మన అవ్వలే, మన బతుకమ్మలే. గీసినాయన మాకు పదిహేనేళ్ల దోస్తు. ఒక పెద్దమనిషి వచ్చి ఒక్క బొమ్మ ముందు చాలాసేపు నిలబడి, 'ఎంతనన్నా ఇది?' అన్నాడు. మనోడి తల కిందికి వాలింది. 'మీకు తోచింది ఇయ్యుండ్రి సారూ' అన్నాడు. ఆ సారుకు ఆరు వేలు తోచింది. బొమ్మ పోయింది. దాని మీద పన్నెండు రోజుల కష్టం పోయింది. అటు తిరిగి మాతో, 'పోనీ తీ అన్నా, గోడకన్నా ఎక్కుతది' అన్నాడు.

ఒళ్లు మండింది మాకు. ఎవరి మీద? కొన్నాయన మీద కాదు. ఆయన అడిగాడు, చెప్పనందుకు తానే చెప్పుకున్నాడు. నీళ్లల్లో, నిధుల్లో, కొలువుల్లో వాటా లెక్కగట్టి అడిగిన మనం, పీఆర్సీ ఫిట్‌మెంట్ ఒక్క శాతం తగ్గితే రోడ్డెక్కే మనం, మన చేతి బొమ్మకు ధర చెప్పాల్సి వచ్చేసరికి ఎందుకు నీళ్లు నములుతాం? కళంటే తపస్సు, తపస్సుకు బిల్లేమిటని మనకు నూరిపోసిందెవరు? బిల్లు కట్టనక్కర లేనివాళ్లే కదా!

నిజానికి మన గడ్డమీద కళ ఎప్పుడూ ఉచితం కాదు. చేర్యాల నకాషీ పటాలే చూడండి. ఖాదీ గుడ్డకు బియ్యపు గంజి, సుద్దమట్టి, చింతగింజల అంబలి, జిగురు కలిపి పూత మీద పూత వేసి, ఆరబెట్టి, ఎర్రటి నేపథ్యం మీద నలభై అడుగుల పొడవున కథ గీసేవారు. ఎవరి కోసం? డ్రాయింగు రూముల కోసం కాదు. పద్మశాలీలకు మార్కండేయ పురాణం చెప్పే కూనపులివాళ్ల కోసం, మాదిగలకు జాంబపురాణం చెప్పే డక్కలివాళ్ల కోసం, ముదిరాజులకు పాండవుల కథ చెప్పే కాకిపడగలవాళ్ల కోసం. పటం చేయించుకునేవాడికి అది పనిముట్టు. రైతుకు నాగలి ఎట్లనో వాళ్లకు పటం అట్ల. దాని చుట్టూ ఊరు, కులం, కథ, కట్నం ఉన్నాయి. గీసేవాడు ధర కోసం సిగ్గుపడాల్సిన అవసరమే లేదు, కొనేవాడికి దాని విలువ తెలుసు.

సినిమా వచ్చింది, టీవీ వచ్చింది, కథ చెప్పేవాళ్లు తగ్గారు. నలభై అడుగుల పటం ముక్కలై ఒకటి రెండడుగుల ఫ్రేముల్లోకి దూరింది. జీఐ గుర్తింపు వచ్చింది, మంచిదే. కానీ కొనేవాడు మారిపోయాడు. కథ తెలియనివాడు, కులం తెలియనివాడు, ఎన్ని పూతలు వేశారో తెలియనివాడు. ఆయనకు తెలిసింది సోఫా పక్కన గోడ ఎన్ని అంగుళాలన్నదే. అలాంటివాడికి ధర మనం చెప్పాలి. మనం చెప్పకపోతే మధ్యలోవాడు చెబుతాడు. ఇన్నాళ్లూ జరిగిందదే.

సరే, ధర ఎట్ల చెప్పాలి? మా దోస్తు బొమ్మనే తీసుకుందాం. రెండడుగుల వెడల్పు, మూడడుగుల పొడవు. కాన్వాసు, రంగులు, ఫ్రేము కలిపి పదిహేను వందలు అనుకుందాం. పన్నెండు రోజులు పట్టింది. ఇల్లు కట్టే మేస్త్రీకి రోజుకు వెయ్యి ఇస్తున్నామనుకుంటే, చిత్రకారుడికి కనీసం అంతన్నా వద్దా? అది పన్నెండు వేలు. గది కిరాయి, కరెంటు, తిరుగుడు ఖర్చుల్లో ఈ బొమ్మ వాటా ఇంకో పదిహేను వందలు. మొత్తం పదిహేను వేలు. ఇందులో లాభం లేదు, పేరు లేదు, ఇరవై ఏళ్ల సాధన లేదు. ఉత్త కూలి. మనోడు అమ్మింది ఆరు వేలకు! అంటే తన జేబులోంచి తొమ్మిది వేలు తీసి ఆ సారుకు కట్నం చదివించాడన్నమాట.

గ్యాలరీ సంగతి వేరే కథ. చాలా గ్యాలరీలు మూడోవంతు నుంచి సగం దాకా కమీషన్ తీసుకుంటాయి. దాన్ని దోపిడీ అని తిట్టేవాళ్లలో మేమూ ఉండేవాళ్లం. కానీ గోడ, లైట్లు, కొనేవాళ్ల చిట్టా వాళ్లవి. ఖర్చు వాళ్లకూ ఉంటుంది. తిట్టడం కంటే లెక్క కట్టడం మేలు. నలభై శాతం కమీషనైతే, చేతికి పదిహేను వేలు రావాలంటే గోడ మీద ధర ఇరవై ఐదు వేలుండాలి. అప్పుడు ఇంటికొచ్చినవాడికి ఎంత చెప్పాలి? ఇక్కడే మనోళ్లు జారిపడతారు. 'గ్యాలరీల ఇరవై ఐదు, నా దగ్గర పదిహేనే' అంటారు. అట్లంటే ఇరవై ఐదు పెట్టి కొన్నవాడు మోసపోయినట్టే లెక్క, మళ్లీ మీ బొమ్మ ముట్టడు. గ్యాలరీవాడు మీ ముఖం చూడడు. ఇంట్లోనూ ఇరవై ఐదే చెప్పాలి. మిగిలిన పది వేలు లాభం కాదు. బొమ్మలు చూపించినందుకు, చాయ్ పోసినందుకు, ప్యాక్ చేసి పంపినందుకు, అమ్ముడుపోని నెలల్లో ఇల్లు నడిచినందుకు పడే కూలి అది. పరిచయస్తులకు ఎంత తగ్గించాలో, పదో పరకో, ముందే అనుకోవాలి. ఎదుటివాడి ముఖం చూసి తగ్గించొద్దు.

ఒక బొమ్మకు ధర కుదిరితే మిగతావాటికి దాని నుంచే లాగొచ్చు. ఇరవై నాలుగు అంగుళాలు, ముప్పై ఆరు అంగుళాలు గుణిస్తే 864 చదరపు అంగుళాలు. అంగుళానికి సుమారు 29 రూపాయలు. కానీ ఈ లెక్కతో చిన్న బొమ్మలు నష్టపోతాయి. పన్నెండు బై పద్దెనిమిదికి ఆరు వేల పైచిలుకే వస్తుంది. చిన్నదైనంత మాత్రాన పని నాలుగో వంతు కాదు కదా. అందుకే కొందరు గుణించరు, పొడవు వెడల్పు కూడతారు. అరవై అంగుళాలకు ఇరవై ఐదు వేలైతే ముప్పై అంగుళాలకు పన్నెండున్నర వేలు. మాకు ఇదే న్యాయంగా తోస్తుంది. ఏ లెక్కైనా ఒక్కదాన్నే పట్టుకోవాలి. పూటకో ధర చెప్పేవాణ్ని ఎవరూ నమ్మరు.

పన్నెండున్నర వేలు కూడా పెట్టలేని టీచరు, విద్యార్థి ఏం కావాలి? మన బొమ్మలు అర్థమయ్యేది ముందు వాళ్లకే. వాళ్ల కోసం అసలు బొమ్మ ధర దించొద్దు, ముద్రలు తీయండి. మెదక్ జిల్లా నిజాంపూర్ నుంచి వచ్చిన లక్ష్మాగౌడ్‌కు పేరు తెచ్చినవాటిలో అచ్చు బొమ్మలు ముఖ్యమైనవి. యాభై తీస్తే యాభయ్యే. ఒక్కోదాని మీద యాభైలో ఏడోది, ఎనిమిదోది అని పెన్సిలుతో అంకె రాసి సంతకం చేయాలి. యాభై ఒకటోది తీస్తే మొదటి యాభై మందికీ ద్రోహం.

ఇక చట్టం. మనోళ్లకు తెలియక పోగొట్టుకునేది ఇక్కడే ఎక్కువ. మీకోసం మీరు గీసిన బొమ్మ అమ్మితే కొన్నవాడికి పోయేది ఆ కాన్వాసే. దాన్ని క్యాలెండర్ మీద, చీర మీద, పుస్తకం అట్ట మీద అచ్చేసుకునే హక్కు పోదు. ఆ హక్కు బదిలీ కావాలంటే రాతపూర్వకంగా ఉండాలి. కానీ ఒక మెలిక ఉంది. డబ్బులిచ్చి ఆర్డరు మీద గీయించుకుంటే, వేరే ఒప్పందం లేనప్పుడు, 1957 కాపీరైట్ చట్టం ప్రకారం తొలి హక్కుదారు గీయించుకున్నవాడే. అందుకే ఆర్డరు కాగితం మీద 'కాపీరైట్ చిత్రకారుడిదే' అన్న ఒక్క వాక్యం రాయించుకోండి. అడ్వాన్సు సగం తీసుకోండి.

అదే చట్టంలో 53ఏ అని ఒక సెక్షన్ ఉంది. మీ అసలు బొమ్మ పది వేలకు మించి మళ్లీ అమ్ముడుపోతే, తొలి హక్కుదారు మీరే అయినప్పుడు, ఆ ధరలో పది శాతానికి మించకుండా మీకో మీ వారసులకో వాటా ఉంటుంది. ఆరు వేలకు పోయిన బొమ్మ రేపు అరవై వేలు పలికితే అడగొచ్చు. కానీ బొమ్మ ఎవరి దగ్గరుందో తెలిస్తే కదా! ఏ బొమ్మ, ఏ కొలత, ఎవరికి, ఎంతకు, ఏ తేదీ అన్నది ఒక నోటుబుక్కులో రాసుకునే చిత్రకారులు ఎందరున్నారు?

అమ్మేశాక కూడా బొమ్మ మీద మన మాట కొంత చెల్లుతుంది. ఢిల్లీ విజ్ఞాన్ భవన్‌లో అమర్‌నాథ్ సెహగల్ చేసిన కంచు కుడ్యశిల్పాన్ని 1979లో పీకి గోదాంలో పడేశారు. చేయించుకున్నది సర్కారే, డబ్బులిచ్చిందీ సర్కారే. అయినా 1992లో ఆయన కోర్టుకెక్కాడు. 2005లో ఢిల్లీ హైకోర్టు ఆ శిల్పం ఆయనకు తిరిగిచ్చి, ఐదు లక్షలు కట్టమంది. పదమూడేళ్లు పట్టింది, అది వేరే బాధ.

ఇంతా రాసి, మా సంగతి రాయకపోతే తప్పవుతుంది. 2011 సకల జనుల సమ్మెలో నలభై రెండు రోజులు ఎన్ని శిబిరాలు! వాటి వెనక తెరలు, తెలంగాణ తల్లి బొమ్మలు, రాత్రికి రాత్రి బ్యానర్లు ఎవరు గీశారు? టెంటు వాడికి కిరాయి ఇచ్చాం. మైకు వాడికి ఇచ్చాం. బొమ్మ గీసినాయనకు దండేసి చప్పట్లు కొట్టాం. 'మనోడే కదా' అన్నాం. ఉద్యమంలో అందరూ ఇచ్చారు, ఆయనా ఇచ్చాడు, నిజమే. కానీ అందరిలో ఉద్యోగికి ఒకటో తారీఖు ఉంది, ఆయనకు లేదు. ఆ అలవాటు రాష్ట్రం వచ్చాక కూడా పోలేదు. కాలేజీ ఉత్సవమైనా, సంఘం మహాసభ అయినా 'అన్నా, జెర ఒక బొమ్మ' అంటూ నేటికీ ఫోన్లు చేస్తూనే ఉన్నాం. ఆ ఫోన్లు చేసినవాళ్లలో మేమూ ఉన్నాం.

ప్రదర్శన అయిన నెలకు మా దోస్తు ఇంటికి పోయాం. రెండు బై మూడు బొమ్మ, బీడీలు చుట్టే అవ్వ. ఎంతన్నా అని అడిగాం. ఈసారి తల వంచలేదు గానీ నవ్వొచ్చింది ఆయనకు. 'ఇరవై ఐదు. మీరే నేర్పితిరి గద' అన్నాడు. రెండు వాయిదాల్లో కట్టాం. రెండో వాయిదా నాడు రసీదు రాసి, కొత్త నోటుబుక్కు తీసి మొదటి పేజీలో మా పేరు ఎక్కించుకున్నాడు.