కోత చిన్నదైనా తొందర వద్దు



“నడుముకు ఎండోస్కోపీ ఆపరేషన్ చేయించుకోమంటారా? కోత సెంటీమీటరేనట గదా!” అని చాలామంది మమ్మల్ని అడుగుతున్నారు. నిజమే. నరాన్ని నొక్కే డిస్కు ముక్కను అలా తీయవచ్చు. కండరాలకు దెబ్బ తక్కువ. అయితే కోత చిన్నదైనంత మాత్రాన ఆపరేషన్ అవసరమైపోదు. డిస్కు జారి కాలిలోకి లాగే నొప్పి ఎక్కువమందికి 6 నుండి 12 వారాల్లో ఆపరేషన్ లేకుండానే తగ్గుతుంది. నొప్పి లేనివారి ఎం.ఆర్.ఐ.లోనూ డిస్కు ఉబ్బు కనబడుతుంది. కనుక స్కాన్ ఒక్కటే చూసి కాదు, మనిషిని పరీక్షించి నిర్ణయించాలన్నది మా అభిప్రాయం.

కానీ పాదంలో బలం తగ్గినా, మూత్రం ఆగిపోయినా, తెలియకుండా పోతున్నా, మర్మావయవాల చుట్టూ స్పర్శ తగ్గినా తెల్లవారేదాకా ఆగవద్దు. ప్రార్థించుకుంటూనే బయలుదేరండి. ఆలస్యమైతే పోయిన బలం తిరిగి రాకపోవచ్చు.