డ్రోనులు: పై హద్దు వున్నది, కింది హద్దేది?

సంపాదకులకు,



పెళ్లిళ్లలోను, తిరునాళ్లలోను ఫొటోలు తీయడానికి ఎగురవేసే కెమెరా డ్రోనులను గూర్చి రెండు రకాల మాటలు వినబడుతున్నవి. వీటికి చట్టమే లేదని కొందరు, చట్టం బిగించి స్టూడియో కుర్రవాళ్ల పొట్ట కొడుతున్నదని కొందరు. రెండూ సరికాదు. చట్టం వున్నది. అయితే అది పైకి చూస్తున్నదే గాని కిందికి చూడడం లేదు.

2021 ఆగస్టు 25న కేంద్ర ప్రభుత్వం డ్రోను నిబంధనలు ప్రకటించింది. ఆకాశాన్ని ఆకుపచ్చ, పసుపు, ఎరుపు అని మూడు ప్రాంతాలుగా విభజించారు. ఆకుపచ్చ ప్రాంతంలో 400 అడుగులు, అనగా 120 మీటర్ల ఎత్తు వరకు ముందుగా ఎవరి అనుమతీ అక్కరలేదు. విమానాశ్రయం ప్రహరీకి 8 నుండి 12 కిలోమీటర్ల మధ్య ఆ హద్దు 200 అడుగులే. అది దాటితే పసుపు ప్రాంతం. విమానాల రాకపోకలు చూచే అధికారుల అనుమతి కావలెను. ఎరుపులో కేంద్రం సెలవు లేనిదే ఎగురరాదు.

మా హోసూరు కుర్రవాడు పొద్దున ఇక్కడ ముహూర్తం తీసి, సాయంకాలం రిసెప్షనుకు బెంగుళూరు పోతాడు. అక్కడ దేవనహళ్లి విమానాశ్రయమే గాక హెచ్.ఏ.ఎల్., ఎలహంక, జక్కూరు వున్నవి. ఉదయం చెల్లిన ఎత్తు సాయంకాలానికి నేరం కావచ్చును. పటం ఇంటర్నెట్టులో ఉచితంగానే దొరుకుతుంది. బాడుగ మాట్లాడుకొనే ముందు దానిని చూచేవారు అరుదు.

మరొక చిక్కు. చేతిలోని తెర మీద కనిపించే ఎత్తు సాధారణంగా డ్రోను లేచిన చోటు నుండి లెక్క. హద్దును చూడవలసింది దాని కింద వున్న నేల నుండి. చంద్రచూడేశ్వరస్వామి కొండ మీద నుండి లేపి ఊరి వైపు నడిపితే, తెర 350 అడుగులని చూపుతూ వుండగానే 400 దాటిపోతుంది. ఇది చాలా మందికి తట్టదు.

ఇదంతా విమానాలకు రక్షణ. న్యాయమే. కాని పెళ్లి డ్రోను 400 అడుగుల ఎత్తున ఎందుకు వుంటుంది? వధువు ముఖం కనబడవద్దా? అది తిరిగేది పందిరి మీద, జనం నెత్తి మీద. తొమ్మిది వందల గ్రాముల యంత్రం నూరు అడుగుల ఎత్తు నుండి రాయివలె పడితే, నేల తాకేసరికి దాని వేగం గంటకు 80 కిలోమీటర్ల దాపున వుంటుంది. నిరుడు మా బంధువుల ఇంట ఎదుర్కోలు వేళ ఒక డ్రోను మామిడాకుల తోరణానికి చిక్కుకొని వంటవారి పక్కన పడింది. కాగుతున్న నూనె బాణలి రెండు గజాల దూరంలో వుండెను. ఎవరికీ దెబ్బ తగలలేదు గనుక అందరూ నవ్వి వూరుకున్నారు.

2018 డిసెంబరు నుండి అమలయిన పాత నిబంధనలలో జనసమ్మర్దం గల చోట్ల అనుమతి లేక ఎగురవేయరాదనీ, ఇతరుల ఏకాంతానికి భంగం కలిగించరాదనీ విడిగా వుండేది. 2021లో అన్నీ సులభం చేసినప్పుడు ఆ ముక్కలు జారిపోయి, ఎవరి ప్రాణానికీ ఆస్తికీ ముప్పు తేరాదన్న సాధారణ వాక్యం మిగిలింది. ముప్పై అయిదేళ్లు ఫైళ్లు మోసినవాడిని. అంకె లేని నిబంధనను అమలు జరపడం ఎంత కష్టమో ఎరుగుదును. బ్రిటనులోను ఎత్తు హద్దు 120 మీటర్లే. కాని అక్కడ పావు కిలోకు మించిన డ్రోను సంబంధం లేని మనుషులకు సాధారణంగా 50 మీటర్ల ఎడంగా వుండవలెనని అంకె వేసి చెప్పారు.

ఇంకొక వింత. 250 గ్రాములకు మించి రెండు కిలోల లోపు డ్రోనును సరదాకు ఎగురవేసే బావమరిదికి పైలట్ సర్టిఫికెట్టు అక్కరలేదు. అదే డ్రోనును కూలికి ఎగురవేసే కుర్రవాడికి కావలెను. కింద నిలిచినవాడి తలకు ఈ తేడా ఏమి తెలుసును?

కుర్రవాళ్ల మీద నాకు కోపం లేదు. అప్పు చేసి సరంజామా కొన్నవారు. నలుగురి తలల మీదికి పంపమని తొందరపెట్టేది చాలాసార్లు డబ్బిచ్చే పెళ్లివారే. కనుక కల్యాణమండపం వారు, ఆలయ కమిటీల వారు మూడు కాగితాలు అడిగి చూడవలెను: రిజిస్ట్రేషను నంబరు, పైలట్ సర్టిఫికెట్టు, ఇతరులకు నష్టం కలిగితే చెల్లించే బీమా. రథోత్సవం వంటి వేళ పోలీసు సూపరింటెండెంటు స్థాయికి తగ్గని అధికారి ఒక చోటును ఒక్కొక్క మారు 96 గంటల వరకు ఎరుపు ప్రాంతంగా ప్రకటించవచ్చును. ఆ అధికారాన్ని మంత్రుల సభలకే దాచుకోక రథవీధికి కూడా వాడవలెను.

2025 సెప్టెంబరులో కేంద్రం కొత్త డ్రోను బిల్లు ముసాయిదా ప్రకటించి ప్రజల అభిప్రాయం కోరింది. 2024 జూనులో పౌర విమానయాన శాఖ చేపట్టిన శ్రీ కింజరాపు రామ్మోహన్ నాయుడు శ్రీకాకుళం వారు. తిరునాళ్ల జనం ఎట్లా వుంటారో ఆయనకు వేరుగా చెప్పనక్కరలేదు. జనానికి ఇన్ని మీటర్ల ఎడం అని ఒక్క అంకెను చట్టంలో చేర్పించవలసినదిగా మీ పత్రికా ముఖంగా కోరుతున్నాను.

ఇట్లు,
విశ్రాంత గుమాస్తా,
హోసూరు