విడిభాగంలో ఏముందో ఎవరు చెప్పాలి?

హన్మకొండ చౌరస్తా చుట్టుపక్కల రిపేరు షాపుల్లో కూర్చునే ఏ మెకానిక్‌నైనా అడగండి, మామూలు వైరుకూ టెఫ్లాన్ వైరుకూ తేడా నిమిషంలో చూపిస్తాడు. సోల్డరింగ్ ఐరన్ మొన తగలగానే మామూలు వైరు మీది పీవీసీ తొడుగు మెత్తబడి, ముడుచుకుని వెనక్కి జరుగుతుంది. టెఫ్లాన్ తొడుగు చెక్కు చెదరదు. 1938 ఏప్రిల్‌లో అమెరికాలోని డ్యూపాంట్ కంపెనీ రసాయనవేత్త రాయ్ ప్లంకెట్, గ్యాస్ ఎంతకీ బయటకు రాని ఒక సిలిండర్‌ను కోయించి చూస్తే లోపల దొరికిన తెల్లటి పొడి ఇదే. కార్బన్‌కూ ఫ్లోరిన్‌కూ మధ్య బంధం చాలా గట్టిది. అందుకే ఈ పదార్థం వేడికీ యాసిడ్‌కూ నూనెకూ లొంగదు. రాడార్లలో, విమానాల్లో, వైద్య పరికరాల్లో దీన్ని ఏరికోరి వాడేది అందుకే.

ఆ గట్టితనమే ఇప్పుడు ప్రపంచానికి తలనొప్పిగా మారింది. ఇలాంటి బంధాలున్న రసాయనాల కుటుంబాన్ని పీఫాస్ అంటున్నారు. లెక్కకు పది వేలకు పైనే ఉన్నాయి. వీటిలో చాలావాటికి నీటిలోకో మట్టిలోకో రక్తంలోకో చేరాక విరిగిపోయే దారి లేదు. టెఫ్లాన్ తొడుగు మీ చేతిలో ఉన్నంతసేపు హాని చేయదు, ఆ మాట న్యాయంగా చెప్పాలి. హాని దాన్ని తయారుచేసేటప్పుడు వాడిన సహాయక రసాయనాలతో వచ్చింది. తుక్కులోని రాగి కోసం తొడుగును నిప్పుల్లో వేసి కాల్చేటప్పుడు మళ్లీ వస్తుంది. ఆ పొగ విషం.

వైరు ఒక్కటే అయితే ఇంత రాయాల్సిన పని లేదు. ఫోన్ తెర మీద వేలిముద్రలు పడకుండా పూసే పొర, లిథియం బ్యాటరీ ఎలక్ట్రోడ్‌లో జిగురుగా వాడే పీవీడీఎఫ్, ఎక్కువ ఫ్రీక్వెన్సీలో పనిచేసే పీసీబీలు, సీళ్లలోని నల్లటి ఓ-రింగు, చిన్న ఫ్యాన్ల బేరింగుల్లోని గ్రీజు, చిప్ తయారీలో వాడే కాంతి రసాయనాలు, ఇలా ఎన్నిట్లోనో పీఫాస్ ఉండొచ్చు. అన్నిటికన్నా మోసపుచ్చేది చార్జర్ డబ్బా. నిప్పంటుకుంటే ప్లాస్టిక్ కరిగి బొట్లు బొట్లుగా కారకుండా ఉండాలని అందులో చిటికెడు టెఫ్లాన్ పొడి కలుపుతారు. బరువులో వెయ్యికి రెండు వంతులే అనుకుందాం. టెఫ్లాన్ బరువులో 76 శాతం ఫ్లోరినే కాబట్టి, కిలో ప్లాస్టిక్‌లో దాదాపు 1,520 మిల్లీగ్రాముల ఫ్లోరిన్ చేరినట్టు. యూరప్‌లో ప్రతిపాదించిన నిబంధన ప్రకారం కిలోకు 50 మిల్లీగ్రాములు దాటితే అధికారులు రుజువులు అడగొచ్చు. డబ్బా కొన్నవాళ్లకు, అమ్మినవాళ్లకు, చాలాసార్లు అచ్చు పోసినవాళ్లకు కూడా ఆ పొడి సంగతి తెలియదు.

ఫ్లోరిన్ పేరు వింటే తెలంగాణలో ఎవరికైనా నల్లగొండే గుర్తొస్తుంది. మనం ఈ మూలకాన్ని పుస్తకాల్లో చదివి తెలుసుకున్నవాళ్లం కాదు, వంగిపోయిన కాళ్లలో, గారపట్టిన పళ్లలో చూసినవాళ్లం. తెలుగు నేల మీద ఫ్లోరోసిస్‌ను వైద్యులు మొదట నమోదు చేసింది 1937లో, అప్పటి నెల్లూరు జిల్లాలో. ఆ ఫ్లోరైడ్ గ్రానైట్ రాయిలోంచి నీటిలోకి దిగింది. నాగపూర్‌లోని నీరి శాస్త్రవేత్తలు సున్నం, పటిక కలిపి దాన్ని అడుగుకు దించే పద్ధతి కనిపెట్టారు. ప్రపంచమంతటా దాన్ని నల్లగొండ టెక్నిక్ అనే పిలుస్తారు. మిషన్ భగీరథ పథకం నీళ్లొచ్చాక చాలా ఊళ్లలో ఫ్లోరైడ్ బోర్ల అవసరమే తీరిపోయింది.

ఈ అనుభవాన్ని పీఫాస్‌కు అలాగే అతికించడం కుదరదు. పటిక దీని మీద పనిచేయదు. మోతాదుల తేడా అయితే ఊహకు అందదు. తాగునీటిలో ఫ్లోరైడ్‌కు మన ప్రమాణాల గరిష్ఠ హద్దు లీటరుకు 1.5 మిల్లీగ్రాములు. పీఫాస్‌లో ముఖ్యమైన పీఎఫ్‌ఓఏకు 2024లో అమెరికా పెట్టిన హద్దు లీటరుకు 4 నానోగ్రాములు. మొదటిది రెండోదానికి 3,75,000 రెట్లు. మరో తేడా ఇంకా ముఖ్యమైనది. నల్లగొండలో ఫ్లోరైడ్ ఎక్కడెక్కడ ఉందో తెలియాలంటే ఊరూరా బోరు నీళ్లు పట్టి పరీక్ష చేయడమొక్కటే దారి, రాయిని అడిగి తెలుసుకోలేం. పీఫాస్‌ను కలిపినవాడు మనిషి. ఎక్కడ కలిపాడో, ఎంత కలిపాడో ఎవరో ఒకరికి కచ్చితంగా తెలుసు. ఈ తేడాను పట్టుకున్న రెండు అమెరికా రాష్ట్రాల కథ మనకు పనికొస్తుంది. వాళ్లు చేసిన మంచితోపాటు పడిన తిప్పలు కూడా చూడాలి.

మొదటిది మిన్నెసోటా. అక్కడి కాటేజ్ గ్రోవ్‌లో త్రీఎం కంపెనీ దశాబ్దాలపాటు ఈ రసాయనాలు తయారుచేసింది, వ్యర్థాలు ఓక్‌డేల్, వుడ్‌బరీ చుట్టుపక్కల భూముల్లోకి వెళ్లాయి. 2018లో కంపెనీ రాష్ట్రానికి 85 కోట్ల డాలర్లు చెల్లించి కేసు పరిష్కరించుకుంది. ఆ ప్రాంతంలో పెరిగిన అమారా స్ట్రాండే అనే అమ్మాయి అరుదైన కాలేయ క్యాన్సర్‌తో పోరాడుతూనే చట్టసభ ముందు నిలబడి వాంగ్మూలం ఇచ్చింది. 2023 ఏప్రిల్‌లో, 21వ పుట్టినరోజుకు రెండు రోజుల ముందు చనిపోయింది. ఆమె జబ్బుకు ఆ నీళ్లే కారణమని ఏ పరీక్షా తేల్చలేదు, ఒక్క మనిషి విషయంలో అలా తేల్చడం సాధ్యమూ కాదు. అదే ఏడాది వచ్చిన చట్టానికి ఆమె పేరే పెట్టారు. పదకొండు రకాల వస్తువుల్లో కావాలని కలిపిన పీఫాస్ 2025 జనవరి 1 నుంచి నిషిద్ధం. వంటపాత్రలు, తివాచీలు, పిల్లల వస్తువులు వాటిలో ఉన్నాయి. తప్పనిసరి అవసరాలు తప్ప మిగతావన్నీ 2032 నాటికి ఆగాలి.

రెండోది మెయిన్. అరండెల్ అనే ఊళ్లో ఫ్రెడ్ స్టోన్ కుటుంబానికి పాడి ఉంది. ప్రభుత్వ అనుమతితోనే మురుగు శుద్ధి కేంద్రం బురదను ఎరువుగా పొలంలో చల్లారు. ఏళ్ల తర్వాత ఆవు పాలలో పీఫాస్ బయటపడి, ఆ పాడి మూతపడింది. ఆ వేడిలోనే 2021లో చట్టం తెచ్చారు. 2023 జనవరి నుంచి రాష్ట్రంలో అమ్మే ఏ వస్తువులోనైనా కావాలని కలిపిన పీఫాస్ ఉంటే, ఏ రసాయనమో, ఎంత ఉందో కంపెనీ ప్రభుత్వానికి తెలపాలి. అంత విస్తృతంగా అంతకుముందు ఎవరూ అడగలేదు.

ఆ చట్టం నిలదొక్కుకోలేకపోయింది. గడువు పెంచమని కంపెనీలు బారులు తీరాయి. మొదట గడువు 2025కు జరిగింది, 2024లో అందరూ తెలపాలన్న షరతునే వదిలేశారు. సెమీకండక్టర్లకు మినహాయింపు ఇచ్చారు. కంపెనీలు ఒత్తిడి తెచ్చాయన్నది నిజం. అయితే దాన్ని ఒక్క కుట్రగా కొట్టిపారేస్తే పాఠం చేజారిపోతుంది. ల్యాప్‌టాప్ అమ్మేవాడికి అందులోని విడిభాగాలు నాలుగైదు చేతులు మారి వస్తాయి. రెసిన్ కలిపినవాడు తన ఫార్ములా వ్యాపార రహస్యమంటాడు. డేటాషీట్‌లో వోల్టేజీ ఉంటుంది, ఉష్ణోగ్రత ఉంటుంది, విడిభాగంలో కలిపిన పదార్థాల పేర్లు ఉండవు. చివరివాణ్ని అడిగితే అతని దగ్గర జవాబు లేదు. కొనేటప్పుడు అడగని ప్రశ్నకు అమ్మేటప్పుడు జవాబు దొరకదు. మెయిన్ నుంచి నేను తీసుకునే పాఠం ఇదే.

జవాబు దొరకకపోతే పరీక్ష చేయిస్తే సరిపోదా అని అనిపిస్తుంది. ఇక్కడే పాత అలవాటు మనల్ని తప్పుదారి పట్టిస్తుంది. 2006 జులై నుంచి యూరప్ ఎలక్ట్రానిక్ వస్తువుల్లో సీసం, పాదరసం, కాడ్మియం వంటి ఆరింటిని నియంత్రించింది. రోహ్స్ అని మన కంపెనీలన్నీ ఎరిగిన నిబంధన అది. అప్పట్లో ఆరే పేర్లు. పిస్టల్‌లా ఉండే ఎక్స్‌ఆర్‌ఎఫ్ యంత్రాన్ని బోర్డు మీద ఆనిస్తే సీసం ఉందో లేదో తెర మీద అంకె పడుతుంది. అదే యంత్రం ఫ్లోరిన్‌ను చూడలేదు. ఫ్లోరిన్ పరమాణువు తేలిక, అది వెలువరించే ఎక్స్‌కిరణం ఎంత బలహీనమంటే మధ్యలో ఉన్న కాస్త గాలే దాన్ని మింగేస్తుంది.

కాబట్టి వేరే దారి పట్టారు. విడిభాగాన్ని విడదీసి, ఒక్కో పదార్థం తునకను వేరుగా తీసుకుని, వెయ్యి డిగ్రీల దరిదాపుల్లో ఆక్సిజన్, నీటి ఆవిరి మధ్య కాలుస్తారు. లొంగని ఆ బంధం అక్కడ తెగుతుంది. వచ్చిన వాయువును నీటిలో పట్టి అయాన్ క్రొమటోగ్రఫీతో కొలుస్తారు. చివరికి తెర మీద కనిపించేది మన నల్లగొండ జిల్లా మర్రిగూడ బోరు నీళ్లలో ఉండే ఫ్లోరైడే. అది పీఫాస్ నుంచి వచ్చిందా, మరేదైనా ఫ్లోరిన్ లవణం నుంచి వచ్చిందా అన్నది ఆ అంకె చెప్పదు. తేల్చాలంటే మరిన్ని పరీక్షలు కావాలి. ఇన్‌ఫ్రారెడ్‌లో టెఫ్లాన్ లాంటి పాలిమర్లను గుర్తుపట్టవచ్చు. మాస్ స్పెక్ట్రోమీటర్‌తో మామూలుగా చేసే పరీక్ష మాత్రం ముందే పేరు పెట్టి వెతికినవాటినే చూపిస్తుంది. బోర్డు మొత్తాన్ని పొడిచేసి పరీక్షకు పంపడం ఇంకా తప్పు, చిన్న ఓ-రింగులో ఉన్నది ఆ బరువులో కరిగి కనబడకుండా పోతుంది.

ఇక పీఫాస్ అంటే ఏదన్న దాని మీదే ఏకాభిప్రాయం లేదు. మిన్నెసోటా, మెయిన్ చట్టాల్లో పూర్తిగా ఫ్లోరిన్ నిండిన కార్బన్ ఒక్కటున్నా చాలు. అమెరికా కేంద్ర పర్యావరణ సంస్థ 2023 నాటి నిబంధనలో మూడు రకాల నిర్మాణాలనే లెక్కించింది, పీవీడీఎఫ్ వాటిలో దేనికీ సరిపోదు. మహబూబ్‌నగర్ జిల్లా దివిటిపల్లిలో 2023 మేలో శంకుస్థాపన జరిగిన అమరరాజా ప్రాజెక్టు వంటి వాటితో లిథియం బ్యాటరీల తయారీ మన రాష్ట్రానికీ వస్తోంది. అలాంటి సెల్‌లోని జిగురు ఒకచోట పీఫాస్ అవుతుంది, ఇంకోచోట కాదు. అందుకే ‘పీఫాస్ ఉందా’ అని ఊరికే అడిగితే చాలదు. రసాయనం పేరు, దాని సీఏఎస్ గుర్తింపు నంబరు అడగాలి. నిర్వచనం మారినా ఆ నంబరు మారదు.

మన దగ్గర పరిస్థితి చూద్దాం. ప్రమాదకరమైన, ఎంతకీ విరగని రసాయనాల మీద 2018లో కేంద్రం తెచ్చిన నియమాల్లో ఏడు అంశాలున్నాయి. వాటిలో ఫ్లోరిన్ రసాయనం ఒక్కటీ లేదు. 2023 ఏప్రిల్ నుంచి అమల్లో ఉన్న ఈ-వేస్ట్ నియమాల్లో రోహ్స్ ఆరింటికే హద్దులున్నాయి. విదేశీ కొనుగోలుదారు మాత్రం మన నియమాల కోసం ఆగడు. హైదరాబాద్‌లోనో తిరుపతిలోనో విడిభాగాలు చేసే చిన్న యూనిట్‌కు ఎక్సెల్ ఫారం వస్తుంది, పీఫాస్ లేదని సంతకం పెట్టమంటుంది. ఆర్డరు పోతుందన్న భయంతో ఏమీ తెలియకుండానే సంతకం పెట్టేస్తారు. నన్ను కలవరపెట్టేది ఇదే. ఆ ఒక్క సంతకం కింది నుంచి పై దాకా అందరి కాగితాలనూ అబద్ధం చేస్తుంది. ఫారంలో ‘ఉంది’, ‘లేదు’ పక్కన ‘తెలియదు’ అన్న గడి కూడా ఉండాలి. ఆ గడిలో టిక్కు పెట్టినవాడికి శిక్ష వేయకూడదు, తెలుసుకోవడానికి గడువు ఇవ్వాలి.

ఇటలీ సంగతి కూడా చెప్పుకోవాలి. వెనెటో ప్రాంతంలోని త్రిస్సినోలో మితేని కర్మాగారం భూగర్భజలాన్ని కలుషితం చేసి 2018లో దివాలా తీసింది. 2025 జూన్‌లో విచెంజా కోర్టు పదకొండు మంది కంపెనీ అధికారులకు కలిపి 141 ఏళ్ల శిక్ష వేసింది. ఈలోగా ఆ కర్మాగారం యంత్రాలను ఒక భారతీయ సంస్థ కొని మహారాష్ట్రలోని రత్నగిరి జిల్లాకు తెచ్చింది. అక్కడ వద్దనుకున్న తయారీ ఇక్కడికి చేరుతున్నప్పుడు, విడిభాగాల్లో ఏముందో అడిగే బాధ్యత విదేశీ కొనుగోలుదారుకే వదిలేయడం మనకు క్షేమం కాదు. పాతవైపోయిన సరుకు చేరేది మన నేలకే. వరంగల్‌లో మడికొండ ఐటీ పార్కుకు దగ్గర్లోనే రాంపూర్ డంపింగ్ యార్డు ఉంది. నగరం చెత్త ఏళ్లపాటు అక్కడికే వెళ్లింది.

సున్నా నుంచి మొదలుపెట్టాల్సిన పని లేదు. హైదరాబాద్ చర్లపల్లిలో కేంద్ర ప్రభుత్వ సంస్థ సీ-మెట్‌కు రోహ్స్ పరీక్షల ప్రయోగశాల ఉంది, ఈ-వేస్ట్ రీసైక్లింగ్ మీద కూడా అక్కడ పనిచేస్తున్నారు. ఫ్లోరిన్‌ను కాల్చి కొలిచే సదుపాయాన్ని చిన్న యూనిట్లన్నిటికీ అందుబాటు ధరలో ఇవ్వడానికి అంతకన్నా తగిన చోటు కనిపించదు. 1959లో మొదలైన వరంగల్ ఎన్ఐటీలో రసాయన శాస్త్రం, కెమికల్ ఇంజనీరింగ్, ఎలక్ట్రానిక్స్ మూడూ ఒకే ఆవరణలో ఉన్నాయి. మన మార్కెట్లో ఎక్కువగా అమ్ముడుపోయే చార్జర్లు, కేబుళ్లు, బ్యాటరీలు విప్పి, ఏ భాగంలో ఫ్లోరిన్ ఉండే అవకాశం ఎక్కువో వరుసగా రాసిపెడితే ఎవరిని ముందు అడగాలో తేలుతుంది. ప్రతిదీ పరీక్షించడం ఎవరి తరమూ కాదు.

చట్టం వైపు నుంచి చూస్తే ఈ-వేస్ట్ నియమాల్లో 16వ నియమం ఉంది. వస్తువులోనూ విడిభాగాల్లోనూ ఏయే పదార్థాలున్నాయో వినియోగదారు పత్రాల్లో వివరంగా ఇవ్వాలని ఉత్పత్తిదారును అది ఇప్పటికే ఆదేశిస్తోంది. కావాలని కలిపిన ఫ్లోరిన్ రసాయనాల పేర్లు, సీఏఎస్ నంబర్లు కూడా అందులో ఉండాలని చేర్చడానికి పార్లమెంటులో కొత్త బిల్లు అక్కర్లేదు, కేంద్ర పర్యావరణ శాఖ నోటిఫికేషన్ చాలు. మెయిన్ చేసినట్టు ఒకేరోజున అందరినీ అన్నీ అడగకుండా, రెసిన్, గ్రీజు, పూత, వైరు తొడుగు తయారుచేసేవాళ్లతో మొదలుపెట్టాలి. వాళ్లు ఇచ్చిన కాగితం ఆధారంగా విడిభాగం చేసేవాళ్లను ఏడాది తర్వాత అడగాలి, వస్తువు అమ్మేవాళ్ల వంతు ఆ తర్వాతే.