పోగు పేరు కాదు, పని పేరు కావాలి



తెలుగు పండితునికి సీ భాషతో పనేమిటని మీరు నవ్వుకోవచ్చు. పండుగకు కేసముద్రం వచ్చిన నా పూర్వవిద్యార్థి ఒకడు సెలవునాడు సైతం తెర ముందు తల పట్టుకొని కూర్చుంటే కారణమడిగాను. అతడు వ్రాసిన ప్రోగ్రాములో ఎనిమిది థ్రెడ్లున్నవట. అది నడుస్తూ నడుస్తూ నిలిచిపోయింది. చూడబోతే ఎనిమిదింటికీ ఒకటే పేరు! లినక్సులో మనం వేరే పేరు పెట్టకపోతే ప్రతి థ్రెడ్డూ తనను పుట్టించినదాని పేరునే మోస్తుంది.

“ఏది ఏ పని మీదున్నదో వ్రాసి పెట్టుకోలేదా నాయనా?” అన్నాను.

“దండగ పని సార్, వేగం తగ్గుతది” అన్నాడు.

ఈ టపా ఆ మాటకు నా సమాధానం. థ్రెడ్డును ఇక్కడ పోగు అంటాను.

ఎనిమిది అనగానే నాకు అష్టావధానం తోచింది. సమస్య, దత్తపది, నిషిద్ధాక్షరి, వర్ణన ఇత్యాదులకు అవధాని ఆవృత్తికొక పాదం చొప్పున చెబుతూ పోతాడు. నడుమ అప్రస్తుత ప్రసంగి అడ్డు తగులుతాడు. వానికి బదులు చెప్పి, విడిచిన పాదం దగ్గరకే తిరిగి రావాలి. పద్యం అల్లడం ఒక విద్య. ఎవరి పద్యం ఎక్కడ ఆగిందో మరువకపోవడం మరొక విద్య. తిరుపతి వేంకట కవులను లోకం కొనియాడింది ఈ రెండింటికీ.

అయితే పోలిక ఒకచోట తెగిపోతుంది. అక్కడ బుద్ధి ఒకటే, కనుక ధారణ దానిదే. ఇక్కడ ఎనిమిది పోగులు ఎవరి పాట వారివి. ధారణ చేసేవాడే లేడు. కాబట్టి ఆ ధారణను మనమే వ్రాసి ఉంచాలి.

2011 నాటి సీ ప్రమాణం పోగులకు భాషలోనే చోటిచ్చింది. పోగుకొక సొంత చలరాశినీ, విడదీయరాని అటామిక్ రకాలనూ అందులోనే చేర్చింది. కాని సొంత చలరాశి ఒక్కటే చాలదు. బయటినుండి చూసేవానికి అది ఎక్కడున్నదో తెలియాలి కదా! అందుచేత అందరికీ కనబడే పట్టిక ఒకటి, అందులో పోగుకొక గడి. ఎవరి గడిలో వారే వ్రాయాలి, తక్కినవారు చదవాలి. గడిలో ఉంచవలసినది పని పేరు ఉన్న చిరునామా, అటామిక్‌గా. ఆ పేరు ప్రోగ్రాము ఉన్నంతకాలం ఉండే స్థిరమైన మాట కావాలి. ఫంక్షను ముగియగానే మాయమయ్యే తాత్కాలిక స్థలంలోది కారాదు. ఇంతా చేస్తే ఖర్చు పనికొక చిరునామా వ్రాయడం. అది వేగాన్ని మింగుతుందనడం పెళ్ళి ఖర్చులో పసుపుకొమ్మును తప్పుపట్టడమే.

అసలు కష్టం వేరే ఉన్నది. పనిలో పని వచ్చినప్పుడు పాత పేరు దాచి, కొత్తది పెట్టి, ముగియగానే పాతదాన్ని తిరిగి ఉంచాలి. సీ భాషలో దానంతటది జరగదు. ఫంక్షనుకు నాలుగు నిష్క్రమణలుంటే నాలుగింటా గుర్తుండాలి. లేదా అన్నిటినీ ఒకే ద్వారానికి మళ్ళించాలి. ఒక్కచోట మరిచినా పట్టిక అబద్ధమాడుతుంది. ఖాళీ పట్టిక కంటే అబద్ధపు పట్టిక ప్రమాదం. ఖాళీదాన్ని ఎవరూ నమ్మరు. దీన్ని నమ్మి వేరొక పోగు మీద రాత్రులు వృథా చేస్తారు.

పోగుకే పేరు పెడితే సరిపోదా అని కొందరంటారు. పోగు ఒక్కటే, పనులు గడియకొకటి. “పనివాడు 3” అన్న పేరు ఏం చెబుతుంది? పైగా లినక్సులో పోగు పేరుకు 16 బైట్లే, అందులో చివరిది ముగింపు గుర్తుకు. యూటీఎఫ్-8లో తెలుగు గుర్తుకు 3 బైట్లు. పొల్లూ గుడీ సున్నా కూడా లెక్కలోనివే. అంటే ఐదు గుర్తులు. “సమస్య” సరిగ్గా పడుతుంది, “దత్తపది” పట్టదు! మన పట్టికకు ఆ ఇరుకు లేదు. నిలిచిపోయిన పోగు “పద్దు సరిచూస్తున్నాను” అని తెలుగులోనే చెప్పగలదు.

శిష్యుడు ఆ రాత్రే పట్టిక చేర్చాడు. రెండు పోగులు ఒకరి తాళం కోసం ఒకరు ఎదురుచూస్తున్నవని మరునాటికి తేలింది. దండగ ఏదో అతడే చెప్పాలి.

సీ తెలిసిన మిత్రులు నా పొరపాట్లను నిర్మొహమాటంగా దిద్దగలరు.