కాలు కార్మికుడిది, ఎంపిక ఎవరిది?



బీము జారి మీదపడటంతో మోకాలి కింద కాలు పోగొట్టుకున్న మన సభ్యుడొకరు మొన్న సంఘం ఆఫీసుకు వచ్చారు. ఆయనకు పెట్టుడుకాలు ఇచ్చి ఆరు నెలలయింది. అయినా చంకకర్రతోనే వచ్చారు. "ఏం తమ్మీ, కాలు ఇచ్చిన్రు గద?" అని అడిగాం. "ఇచ్చిన్రన్నా. ఇంట్ల మూలకు పెట్టిన. అది నిలబడనీకె పనికొస్తది, పని చేయనీకె పనికిరాదు" అన్నారు.

ఇందులో మా తప్పు కూడా ఉంది. నష్టపరిహారం కోసం కొట్లాడాం, డబ్బు ఇప్పించాం. ఏ రకం పాదం అమరుస్తున్నారని మాత్రం మాలో ఒక్కరూ అడగలేదు. యాజమాన్యం తెచ్చిన కొటేషన్లలో తక్కువ ధరదానికి సంతకం పడింది. బీముకు నూలు నంబరు చూడకుండా ఒప్పుకోని మనం, మనిషి కాలికి మాత్రం ఏదో ఒకటి చాలుననుకున్నాం.

మన షోలాపూరు సాంచాల మీద పని ఎలాంటిదో మనకు తెలుసు. షిఫ్టంతా నిలబడాలి. ఇరుకు సందుల్లో పక్కకు తిరగాలి, తెగిన పోగు ముడివేయడానికి వంగాలి. నేల మీద నూనె మరకలుంటాయి. ఇంటికి పోతే చెప్పులు గడప బయట విడిచి, నేల మీద మఠం వేసుకుని అన్నం తింటాం. పాదం ఎంచేటప్పుడు మొదట చూడవలసింది ఇదంతా. ధర ఆ తర్వాతి మాట.

పాదాల్లో ముఖ్యంగా మూడు రకాలు చెప్పుకోవచ్చు.

మొదటిది సాచ్ పాదం. 1950లలో అమెరికాలో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో తయారైంది. లోపల గట్టి కట్టె, మడమకు మెత్తని దిండు, చీలమండ కదలదు. ధర తక్కువ, రిపేరు తక్కువ. బూట్లు వేసుకుని, కుర్చీలో కూర్చుని, చదునైన నేల మీద నడిచేవారికి సరిపోతుంది. గొంతుక్కూర్చునే మనిషికి ఇబ్బంది. మన సభ్యుడికి అంటగట్టింది ఇదే.

రెండవది జైపూర్ పాదం. 1968లో జైపూర్‌లో డాక్టర్ పి.కె.సేఠీ, రామచంద్ర శర్మ కలిసి దీన్ని తయారుచేశారు. శర్మ పెద్ద చదువులు లేని చేతిపనివాడు. మనలాంటి చేతులే ఆ పాదాన్ని మలిచాయని గర్వంగా చెప్పుకోవచ్చు. రబ్బరుతో చేసిన ఈ పాదం అన్ని వైపులా కొంత వంగుతుంది. చెప్పుల్లేకుండా నడవవచ్చు, తడిలో దిగవచ్చు, మఠం వేసుకోవచ్చు. సుధాచంద్రన్ ఈ పాదంతోనే మళ్లీ నాట్యం చేశారు. 'మయూరి' సినిమా చూసినవారికి వేరే చెప్పనక్కరలేదు. 1975లో జైపూర్‌లో ఏర్పడిన భగవాన్ మహావీర్ వికలాంగ సహాయతా సమితి దీన్ని ఉచితంగా ఇస్తోంది. లోపాలూ ఉన్నాయి. చేతితో చేసేది కనుక ఒకటి ఉన్నట్టు ఇంకొకటి ఉండదు, బరువు కూడా ఎక్కువే. నూనె తగిలితే రబ్బరు చెడుతుంది కనుక ఖాతాలో చెప్పు లేకుండా తిరగకూడదు.

మూడవది కార్బన్ ఫైబర్ పాదం. అడుగు వేసినప్పుడు స్ప్రింగులా నొక్కుకుని, ఎత్తేటప్పుడు ముందుకు తోస్తుంది. చురుకుగా, ఎక్కువసేపు నడిచేవారికి అలసట తగ్గిస్తుంది. ఇలాంటివి విదేశాలనుంచి తెస్తే సుమారు 2 లక్షల రూపాయలు. 2025 జూలైలో హైదరాబాదులోని డీఆర్‌డీఎల్, బీబీనగర్ ఎయిమ్స్ కలిసి ఇక్కడే తయారుచేసిన కార్బన్ పాదాన్ని ప్రకటించాయి. 125 కిలోల బరువు వరకు పరీక్షించామని, ఉత్పత్తి మొదలైతే ధర 20 వేల లోపే ఉంటుందని అప్పుడు చెప్పాయి. ఇది కార్మికుడి దాకా వచ్చేలా అడగవలసింది మనమే.

అలాగని ఖరీదైనదే మంచిదనుకోవడం కూడా పొరపాటు. కార్బన్ పాదాన్ని మనిషి బరువును బట్టి ఇస్తారు. బరువు మోసే హమాలీ తన బరువొక్కటే చెప్పి ఊరుకుంటే మెత్తని పాదం వస్తుంది. మోసే బరువు కూడా చెప్పాలి. ఏ పాదమైనా ఒక మడమ ఎత్తుకు సరిచేసి ఇస్తారు. వేరే ఎత్తు చెప్పు వేస్తే నడక చెడి మోకాలు, నడుము నొప్పి పుడతాయి. అన్నిటికన్నా ముందు సాకెట్ కుదరాలి. మిగిలిన కాలు మొదటి నెలల్లో చిక్కుతుంది, సాకెట్ వదులవుతుంది, ఒరుసుకుని పుండు పడుతుంది. సాకెట్ సరిగా లేకపోతే 2 లక్షల పాదమూ మూలకే చేరుతుంది.

యాజమాన్యాలు ఒక మాట అంటున్నాయి: "కాలు లేనివాడికి సాంచాల పనెందుకు? గేటు దగ్గర స్టూలు వేసి కూర్చోబెడతాం." ఇది దయలా కనిపిస్తుంది. కానీ కూలి తగ్గుతుంది, చేతిలో ఉన్న పనితనం వృథా అవుతుంది. సరైన కాలు అమర్చి, పని చేసి చూసిన తర్వాత కదా ఎవరికి ఏ పని చేతనవుతుందో తేలేది!

అందుచేత ఇకమీదట మన సంఘం పట్టుబట్టవలసినవి ఇవి:

1. పెట్టుకుని నడిచి చూడకుండా కార్మికుడు ఏ కాగితం మీదా సంతకం చేయకూడదు.

2. కాలు అమర్చే నిపుణుడికి పని గంటలు, మోసే బరువు, వేసుకునే చెప్పు, ఇంట్లో కూర్చునే తీరు కార్మికుడే చెప్పాలి. పక్కన సంఘం మనిషి ఉండాలి.

3. ఒప్పందంలో ఒకసారి కాలు ఇచ్చామంటే చాలదు. సాకెట్ మార్పు, రిపేరు, పాదం అరిగితే కొత్తది ఎవరి ఖర్చో రాయించాలి.

4. ఈఎస్ఐ ఉన్నవారికి కృత్రిమ కాలు వైద్య సౌకర్యంలో భాగమే. కార్డు ఇవ్వని యజమానుల చేత ఇప్పించాలి.

ఆ సభ్యుణ్ణి వెంటబెట్టుకుని ఈ వారం కాలు అమర్చే కేంద్రానికి మేమే వెళ్తున్నాం. ఇలా కాలు మూలకు పెట్టుకున్నవారు ఇంకా ఎవరైనా ఉంటే ఆదివారం ఆఫీసుకు రండి. వచ్చేటప్పుడు ఆ కాలు కూడా తీసుకురండి.

– కార్యదర్శి